భూమి లోపలి నీరు – మేకులు, తీగలు, లెక్కలు
బోరు వేయదలచిన రైతు ముందుగా తెలిసికొనదగిన సంగతులు

పల్నాటి రైతు చేయు ఖర్చులలో బోరుబావికి చేయు ఖర్చు వంటిది మరియొకటి లేదు. విత్తనము మొలవకున్న తిరిగి చల్లవచ్చును. ఎద్దు పనికి రాకున్న సంతలో అమ్మివేయవచ్చును. బోరు ఎండిన యెడల ఆ రంధ్రమునుండి ఒక్క రూపాయి యైనను తిరిగి రాదు. అప్పు మాత్రము పుస్తకములో నిలిచియుండును. ఒకటి ఎండెనని రెండవది, రెండవది ఎండెనని మూడవది వేసి, తుదకు భూమినే పోగొట్టుకొనిన కుటుంబములు మన గ్రామములలో కలవు. సంఘమునుండి అప్పు తీసికొనిన సభ్యుని బోరు ఎండినచో వాయిదా చెల్లదు; ఆ నష్టము తక్కిన సభ్యులకును తగులును. కావున ఇది ఒక్కని యింటి సంగతి కాదు.

భూమిని తొలచుటకు ముందే లోపల ఏమున్నదో తెలిసికొను మార్గము కలదా యని ప్రతి గ్రామమునందును రైతులు అడుగుచుందురు. మార్గము కలదు. నేలలో ఇనుప మేకులు పాతి, తీగలు కట్టి, పెట్టెవంటి యంత్రముతో కొలతలు తీయుట మీలో అనేకులు చూచియే యుందురు. కాని ఆ పనిలో యంత్రము చేయునది సగమే. తక్కిన సగము గణితము చేయును. ఆ గణితము ఏమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో ఎరిగిన రైతు డబ్బును జాగ్రత్తగా ఖర్చు పెట్టును. అందుచేత ఆ సంగతిని సాధ్యమైనంత తేటగా ఇచ్చట వివరించుచున్నాను.

మన నేల స్వభావము

పల్నాడంతయు ఒకే రాయి కాదు. మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతములలో భూమి క్రింద సున్నపురాయియు, నాపరాయియు విస్తారముగా నున్నవి. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలను గూర్చి 1872వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో వర్ణించిన కర్నూలు శిలల వరుసలోనికే మన సున్నపురాయియు చేరును. నరసరావుపేట, వినుకొండ వైపునకు పోయినచో గ్రానైటు జాతి గట్టిరాయి ఎక్కువగా కనబడును.

ఈ రెండింటిలో నీరు నిలుచు తీరు వేరు. గ్రానైటు జాతి రాతిపైన ఎండకు, వానకు శిథిలమై మెత్తబడిన పొర యొకటి యుండును. ఆ పొరలోను, దానిక్రింది బీటలలోను నీరు చేరును. సున్నపురాతి సంగతి అట్టిది కాదు. వాననీరు గాలినుండియు మట్టినుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి, రాతి బీటలలోనికి దిగి, వేలకొలది ఏండ్లుగా ఆ రాతిని కరగించుచు వచ్చినది. అందుచేత కొన్నిచోట్ల బీటలు సొరంగములైనవి. పిడుగురాళ్లకు సమీపముననున్న గుత్తికొండ బిలమును చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి బీట తగిలిన బోరులో నీరు పొంగును. దానికి పది గజముల దూరమున వేసిన బోరులో ధూళి లేచును. పొరుగువాని బోరులో నీరున్నదని మన బోరులోను ఉండునని నమ్మరాదు అనుటకు కారణమిదియే.

నాగార్జునసాగరమునకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967వ సంవత్సరము ఆగష్టులో కాలువలకు నీరు విడువబడినది. కుడికాలువ క్రింది గ్రామములవారి కష్టము దానివలన చాలవరకు తీరినది. కాని వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి మెట్టప్రాంతములకు కాలువ ఎక్కదు. అచ్చటివారికి వానయు, భూగర్భజలమునే దిక్కు.

పూర్వపు పద్ధతులు

నీటిజాడ వెదకుట మన దేశమున నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. ఆరవ శతాబ్దమునందలి వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దకార్గళమను ప్రకరణమును ఈ విషయమునకే కేటాయించి, చెట్లను, పుట్టలను బట్టి నీటిని ఊహించు విధమును చెప్పెను. నీటిని కోరు చెట్టు పచ్చగానున్న చోట నీరు దగ్గరగా నుండవచ్చునను మాటలో పరిశీలన కలదు. ఇక అరచేతిలో కొబ్బరికాయను, వేపపుల్లను పట్టుకొని చేనిలో తిరుగువారిని గూర్చి నేను పరిహాసమాడను. అయితే ఒక్క మాట చెప్పవలెను. కొబ్బరికాయ నిలిచినప్పుడు ఏ అంకెయు పుస్తకములో మిగులదు. నీరు పడకున్న ఎక్కడ తప్పు జరిగెనో వెనుదిరిగి చూచుకొను వీలు లేదు. లెక్కకు ఆ వీలు కలదు. దాని గొప్పతనమంతయు అదియే.

భూమిలోనికి విద్యుత్తును పంపుట

విద్యుత్తు ఎంత ప్రవహించునో, దానికి ఎంత నిరోధము కలుగునో జర్మనీ దేశస్థుడగు గేయార్గ్ ఓం 1827లో సూత్రీకరించెను. ఫ్రాన్సు దేశస్థుడగు కాన్రాడ్ ష్లుంబర్జె 1912లో ఆ విద్యను భూమిపై ప్రయోగించెను. అమెరికా దేశస్థుడగు ఫ్రాంక్ వెన్నర్ 1915లో నాలుగు మేకుల పద్ధతిని ప్రకటించెను. మన దేశమున ఇట్టి పరిశోధనలకై హైదరాబాదులో 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ స్థాపింపబడినది.

పద్ధతి ఇట్టిది. నాలుగు మేకులను ఒకే వరుసలో సమాన దూరమున పాతుదురు. వెలుపలి రెండు మేకులగుండా విద్యుత్తును భూమిలోనికి పంపుదురు. లోపలి రెండు మేకులమధ్య పీడనమెంత పుట్టెనో కొలుతురు. తడిసిన బంకమట్టి విద్యుత్తును సులభముగా పోనిచ్చును. నీరు నిండిన మెత్తరాయి కొంత అడ్డగించును. ఎండిన గట్టిరాయి మిక్కిలి అడ్డగించును. మేకులను దూరదూరముగా జరిపినకొలది విద్యుత్తు లోలోతులకు దిగును గనుక, పైనుండియే లోపలి పొరల సమాచారము మనకు అందును.

ఒక చిన్న లెక్క చూడుడు. మేకుల నడిమి దూరము 10 మీటర్లు అనుకొందము. పంపిన విద్యుత్తు 0.1 ఆంపియరు, కొలిచిన పీడనము 0.08 వోల్టు. రెండవదానిని మొదటిదానిచే భాగించిన 0.8 వచ్చును. దానిని దూరమగు 10చేతను, తరువాత 6.28చేతను గుణింపవలెను. సుమారు 50 వచ్చును. ఇది ఆ స్థలమున భూమికి కనబడు నిరోధకత. దీని కొలమానమును ఓం-మీటరు అందురు. తరువాత దూరమును 40 మీటర్లకు పెంచినపుడు, భాగహారమున 0.5 వచ్చినదనుకొందము. 0.5ను 40చేతను, 6.28చేతను గుణించిన సుమారు 126 వచ్చును. అనగా లోతునకు పోయినకొలది గట్టిరాయి దగ్గరపడుచున్నదని అర్థము. ఇంతవరకు ఐదవ తరగతి పిల్లవాడు చేయదగిన లెక్కయే.

సులభమైన ప్రశ్న, కష్టమైన ప్రశ్న

అసలు చిక్కు ఇచ్చటనే మొదలగును. 126 అను అంకె ఏ యొక్క పొరదియు కాదు. పైమట్టి, మెత్తరాయి, గట్టిరాయి, అన్నియు కలిసి ఇచ్చిన అంకె అది. కలిసిపోయిన దానిని మరల విడదీయవలెను.

ఐదు క్వింటాళ్ల మిరపకాయలు క్వింటాలు 12,000 రూపాయల చొప్పున అమ్మితిమన్న, మొత్తము 60,000 రూపాయలని అందరును చెప్పుదురు. దానికి ఒక్కటే జవాబు. కాని చేతికి 60,000 రూపాయలు వచ్చినవని మాత్రమే చెప్పి, ఎన్ని క్వింటాళ్లు, ఏ ధరకు అమ్మితిమో చెప్పుమన్న ఏమి చేయుదురు? ఐదు క్వింటాళ్లు 12,000 చొప్పున కావచ్చును. ఆరు క్వింటాళ్లు 10,000 చొప్పున కావచ్చును. రెండును సరియైన జవాబులే. భూమి లోపలి పొరలు తెలిసి పైని కొలతలను కనుగొనుట మొదటి విధమైన ప్రశ్న. పైని కొలతలు తెలిసి లోపలి పొరలను కనుగొనుట రెండవ విధమైన ప్రశ్న. రైతునకు కావలసినది ఈ రెండవదే.

మొదటి ప్రశ్నకు కావలసిన సూత్రమును స్టెఫానెస్కు అను శాస్త్రజ్ఞుడు ష్లుంబర్జె సోదరులతో కలిసి 1930లో ఇచ్చెను. కాని ఆ లెక్క చేతితో చేయుట మిక్కిలి శ్రమ. అందుచేత చాలకాలము అచ్చువేసిన వంపుగీతల పుస్తకములను ఉంచుకొని, చేనిలో తీసిన కొలతలతో గీచిన గీతను వాటిపై పెట్టి, ఏది సరిపోవునో చూచుచుండిరి. డి. పి. ఘోష్ అను శాస్త్రజ్ఞుడు 1971లో ఈ కష్టమైన లెక్కను కొన్ని నిర్ణీత సంఖ్యలతో గుణించి కూడుటగా మార్చివేసెను. కూలి లెక్కలో ఒక్కొక్కని దినములను దినకూలిచే గుణించి మొత్తము కూడినట్లే. కంప్యూటరు ఇట్టి కూడికలను రెప్పపాటులో చేయును.

వర్గముల కూడిక

ఇప్పుడు రెండవ ప్రశ్నకు జవాబు వెదకు తీరు చెప్పుచున్నాను. మొదట పొరలను గూర్చి ఒక ఊహ చేయుదురు. ఆ ఊహ నిజమైనచో కొలతలు ఎట్లుండవలెనో లెక్కకట్టుదురు. దానిని చేనిలో తీసిన కొలతలతో సరిపోల్చుదురు. సరిపోకున్న ఊహను కొంచెము మార్చి, మరల లెక్కకట్టుదురు.

ఎంత సరిపోయినదను దానికి ఒక తూనిక కావలెను గదా! చేనిలోని కొలతలు 50, 66, 126 అనుకొందము. మొదటి ఊహ 48, 72, 122 ఇచ్చెను. భేదములు 2, తక్కువ 6, 4. వీనిని కూడిన సున్న వచ్చును. సున్న వచ్చెను గనుక ఊహ నిర్దుష్టమని సంతోషింపవచ్చునా? కూడదు. ఎక్కువ తక్కువలు ఒకదానినొకటి కప్పివేసినవి, అంతే. అందుచేత ప్రతి భేదమును దానిచేతనే గుణించి కూడుదురు: 4, 36, 16, మొత్తము 56. రెండవ ఊహ 51, 64, 124 ఇచ్చెను. భేదములు తక్కువ 1, 2, 2. వర్గములు 1, 4, 4, మొత్తము 9. కావున రెండవ ఊహయే మేలు. ఈ వర్గముల పద్ధతిని ఫ్రాన్సు దేశస్థుడగు లెజాండ్ర్ 1805లో ప్రకటించెను. తోకచుక్కల నడకను గణించుటకు పుట్టిన లెక్క నేడు మన చేని క్రింది రాతిని గణించుటకు ఉపయోగపడుచున్నది.

మడులు కట్టిన లెక్క

పొరలు పరచిన చాపలవలె సమముగానున్న యెడల పై పద్ధతి చాలును. మన సున్నపురాతిలో బీటలు నిలువుగా, ఏటవాలుగా నుండును. అట్టిచోట ఒక్క స్థలమున కాక, ఒక వరుస పొడవున అనేకములగు మేకులు పాతి కొలతలు తీయుదురు. లెక్క చేయువారు భూమిని నిలువునా కోసినట్లు భావించి, ఆ కోతను చిన్న చిన్న మడులుగా విభజింతురు. నేల అంతయు ఒకే తీరుగా నున్నచో ప్రతి మడియొక్క విద్యుత్పీడనము దాని చుట్టునున్న నాలుగు మడుల సగటునకు సమానముగా నుండును. చుట్టు 8, 6, 4, 2 ఉన్నచో నడుమ 5 ఉండవలెను. ఒక మడిని సరిచేయగానే ప్రక్క మడి మారును. దానిని సరిచేయగా మరియొకటి మారును. వరిమడులలో నీరు ఒకదానినుండి మరియొకదానికి పారి తుదకు నిలకడ చెందునట్లు, లెక్కయు పలుమారులు తిరిగి నిలకడ చెందును. రాయి మారినచోట సగటునకు బదులు ఆయా మడుల విద్యుద్వాహకతను బట్టి పాళ్లు కట్టుదురు. వేలకొలది మడులకు ఈ పని చేయుట మనుష్యునకు అసాధ్యము, కంప్యూటరునకు సులభము.

ఒకే అంకెలకు రెండు జవాబులు

ఇంత చేసినను ఒక లోపము తీరదు. 20 మీటర్ల లోతున, గట్టి పొరల నడుమ, 2 మీటర్ల మందముగల బంకమట్టి పొర యున్నదనుకొందము. దాని నిరోధకత 10. మరియొక చేనిలో అదే లోతున 5 మీటర్ల మందముగల, నీరు నిండిన మెత్తరాయి కలదు. దాని నిరోధకత 25. రెండింటను 10చే, 25చే వరుసగా భాగించిన 2, 5 మీటర్లకు 0.2 మాత్రమే వచ్చును. పైన తీసిన కొలతలు ఈ భాగఫలమునే ముఖ్యముగా చూడగలవు. మందమును, నిరోధకతను వేరువేరుగా చూడజాలవు. మిరపకాయల లెక్కవలె ఇచ్చటను రెండు జవాబులును సరిపోవును. ఒక జవాబున నీరున్నది. రెండవ జవాబున బంకమట్టి కలదు. బంకమట్టిలో తడి యున్నను అది బోరునకు నీరు విడువదు. రైతు ఎంత ఖరీదైన యంత్రమును తెప్పించినను, ఈ చిక్కు యంత్రముది కాదు, ప్రశ్నది.

మరియొక లోపము కూడ కలదు. కొలతలో స్వల్పమైన తప్పు జవాబులో పెద్ద తప్పుగా పెరుగవచ్చును. ఇట్టి ప్రశ్నల స్వభావమును ఫ్రాన్సు దేశస్థుడగు హడమార్ద్ 1902లో గుర్తించెను. రష్యా దేశస్థుడగు తిఖొనోవ్ 1963లో దీనికి ఒక కట్టుబాటు చెప్పెను: సరిపోవు జవాబులు అనేకములున్నపుడు, అకారణముగా ఎగుడుదిగుడు లేనట్టి జవాబును ఎన్నుకొనవలెను. దీనివలన లెక్క అదుపులో నుండును. కాని సన్నని బీటలు ఆ నునుపులో మరుగుపడవచ్చును. కావున, “ఇన్ని అడుగులకు రెండంగుళముల నీరు తప్పక పడును” అని ఎవరైన పలికినచో వారు లెక్క చెప్పిన దానికంటె ఎక్కువ చెప్పుచున్నారని గ్రహింపుడు. నిరోధకత నీటి పరిమాణమును చెప్పదు. నీరుండుటకు తగిన రాయి కలదేమో యని మాత్రమే చెప్పును.

ఎండిన బోరుయొక్క విలువ

అట్లయిన ఆ రెండు జవాబులలో ఏది నిజమో తేల్చు ఉపాయము లేదా? కలదు, అది మన చేతిలోనే యున్నది. ఆ సమీపమున లోగడ వేసిన బోరులో 20 మీటర్ల క్రింద మెత్తని పొర 5 మీటర్ల మందమున తగిలెనని వ్రాసి యుంచినచో, మందము తెలిసినది గనుక నిరోధకత 25 అని వెంటనే తేలును. రెండు మీటర్లే తగిలెనన్నచో 10 అని తేలును. తెలియని రెండింటిలో ఒకటి తెలిసిన, రెండవది దొరకినట్లే. సున్నపురాతి నేలలో పొర దూరమునకు మారిపోవును గనుక, ఆ బోరు ఎంత దగ్గరనున్నచో అంత మేలు.

సోదరులారా, ఈ సంగతిని బాగుగా ఆలోచింపుడు. ఎండిన బోరు వలన ఇంతవరకు మనకు మిగిలినది అప్పు మాత్రమే. ఏ లోతున ఏ రాయి వచ్చెనో, ఎక్కడ ధూళి ఎరుపైనదో, ఎక్కడ తడి తగిలెనో ఎవరును వ్రాసియుంచలేదు. యంత్రము వెడలిపోవును, జ్ఞాపకము మాసిపోవును, పొరుగు రైతు అదే చోట అదే నష్టమును తిరిగి కొనును. వ్రాసియుంచిన యెడల ఒక్కని నష్టము పదిమందికి దారి చూపును. పదిమంది కలిసి భరింపదగిన దానిని ఒక్కడు భరింపకుండుటకే గదా సహకారము పుట్టినది!

రైతులు తామే లెక్కలు వ్రాసికొనుట సాధ్యమా యని సందేహింపనక్కరలేదు. 2003 మొదలు 2009 వరకు ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల నిర్వహణ పథకము ప్రకాశము, కర్నూలు, అనంతపురము మొదలగు ఏడు జిల్లాలలో నడచినది. అచ్చటి రైతులు తమ బావుల నీటిమట్టమును, వర్షపాతమును తామే కొలిచి, గ్రామమునకంతకు నీటి జమాఖర్చు వ్రాసికొని, దానినిబట్టి పంటలను ఆలోచించుకొనిరి. వారు చేసినది మనము చేయలేకపోము.

సంఘ సభ్యులకు సూచనలు

1. ఒక్కొక్కరు వేరువేరుగా సర్వే చేయించుటకంటె, ప్రక్కప్రక్క పొలములవారు కలిసి ఒకే వరుసపై చేయించుట మేలు. ఖర్చును తగ్గును, బీటల జాడయు తెలియును.

2. మేకులు పాతిన చోట నేల ఎండియున్నచో ఉప్పునీరు పోయవలెను. ఇనుప కంచెలు, నీటి గొట్టములు, కరెంటు తీగల దగ్గర కొలతలు చెడును, దూరముగా పెట్టించుడు.

3. నల్లరేగడి తానే విద్యుత్తును సులభముగా పోనిచ్చును గనుక, అట్టి నేలలో లోతుకై మేకులను మరింత దూరము పరపవలసి యుండును. తక్కువ నిరోధకత కనబడినంతమాత్రమున నీరని పొంగిపోరాదు.

4. సర్వే చేసినవారిని ఒక్క గుర్తుతో విడువక, కొలతల కాగితమును అడిగి తీసికొనుడు. ఈ కొలతలకు సరిపోవు మరియొక జవాబు కలదా యని తప్పక అడుగుడు. ఆ ప్రశ్నకు శాంతముగా బదులు చెప్పువాడు నమ్మదగినవాడు.

5. బోరు వేయునపుడు ప్రతి పది అడుగులకు పైకి వచ్చు మట్టిని, రాతిపొడిని వేరువేరు కుప్పలుగా పెట్టించి, రంగును, మెత్తదనమును వ్రాసికొనుడు. నీరు పడినను పడకున్నను వ్రాయవలెను.

6. 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము బావులను నమోదు చేయించుకొనవలెనని చెప్పుచున్నది. ఆ పనిని మరువకుడు.

7. కొలత ఎంత సరియైనదైనను, వాన ఇంకని నేలలో నీరు పుట్టదు. చెరువు పూడిక తీయుట, గట్లు వేయుట, వాననీటిని చేనిలోనే నిలుపుట, వీనిని వదలి బోరును నమ్ముట జమ లేని ఖాతానుండి సొమ్ము తీయుట వంటిది.

సంఘ కార్యాలయములలో అప్పుల పుస్తకమున్నది, ఎరువుల పుస్తకమున్నది. వాని ప్రక్కన బోర్ల పుస్తకము ఒకటి పెట్టుట పెద్ద ఖర్చు కాదు. సర్వే నంబరు, లోతు, తగిలిన పొరలు, వాని మందము, నీరు పడిన లోతు, వేసవిలో మిగిలిన నీరు, ఈ ఆరు గడులు చాలును. రాబోవు మహాసభలో ఈ ప్రతిపాదనను సభ్యులు చర్చించి, ఈ వేసవిలో వేయు మొదటి బోరుతోనే ఆ పుస్తకమును ప్రారంభింతురని ఆశించుచున్నాను.